కదలని కారు కింద నిమ్మకాయ

డిటెక్టివ్ కాటమరాజుకు దొంగలంటే భయం లేదు. హంతకులంటే అసలే లేదు. ఆయన భయమల్లా మార్కాపురమంటేనే. అది ఆయన అత్తగారి ఊరు. ఇక్కడ ప్రతి ఒక్కరూ ఊరి వరసకు ఆయనకు అత్తో, మామో. వేరే ఊళ్ళలో "నిజం చెప్పు!" అని గద్దిస్తే మనుషులు వణికిపోతారు. ఇక్కడ మాత్రం "ముందు కూర్చో అల్లుడా, మజ్జిగ తాగు" అంటారు. మూడో గ్లాసు మజ్జిగ కడుపులో పడ్డాక ఎదుటివాణ్ణి గద్దించడం ఎంత గొప్ప డిటెక్టివుకైనా కష్టమే.

అయినా రాక తప్పలేదు. కర్నూలులో ఆయన ఆఫీసు తెరిచిన కొన్నాళ్ళకే రాష్ట్రం పెద్దదై, రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. గుమాస్తాలతో పాటు కాటమరాజు కేసులు కూడా లారీలెక్కి తరలిపోయాయి. రెండేళ్ళుగా ఆయనకు దొరికిన కేసే కేసు.

ఈ కేసు ఆయనకు అప్పగించింది భాగ్యమ్మ, మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఇక్కడ పలకల కంపెనీ నడిపిన మిల్నర్ దొర స్వదేశానికి వెళ్ళిపోతూ, తన భార్యకు విషజ్వరం వచ్చినప్పుడు కంటికి రెప్పలా చూసుకున్నందుకు తన ఎం.జి. కారును ఆమె పేర రాసి ఇచ్చాడు. ఇద్దరే కూర్చోగల, పైకప్పు లేని, పొడవాటి మూతి ఉన్న బండి. ఊరు దానికి తొట్టికారని పేరు పెట్టింది. భాగ్యమ్మకు నడపడం రాదు, అమ్మడానికి మనసు రాలేదు. అందుకని పాత పలకల గోడౌనులో పెట్టించి, మోషేను కాపలా ఉంచింది. మోషే రాయి చీల్చే పనివాడు, దగ్గు పట్టుకుంటే ఆ పని మానేసినవాడు.

పోయిన నెల మద్రాసు నుంచి సంజీవరావు అనే ఆసామి వచ్చాడు. పాత కార్లకు ధర కట్టడం ఆయన వృత్తి. చూసి, తట్టి, మెచ్చుకుని, "రెండో తరగతి బండి. నాలుగు వేలు ఇప్పిస్తాను" అన్నాడు. నిన్న సోమవారం మళ్ళీ వచ్చి బానెట్ తెరిచేసరికి రెండు కార్బురేటర్లూ లేవు, ముందు లైట్లు లేవు, ఇంజను పట్టేసిందన్నాడు. రెండో తరగతి బండి ఒక్క నెలలో నాలుగో తరగతికి దిగిపోయింది. ధర ఏడు వందలు. సామాను కాపలావాడే అమ్ముకున్నాడని పోలీసు రిపోర్టు కూడా ఇచ్చాడు. తర్లుపాడు వెళ్ళిన సబ్-ఇన్‌స్పెక్టరు తిరిగి వస్తూ మోషేను తీసుకుపోతాడు. ఏడు వందలకు భాగ్యమ్మ సంతకం పెడితే మాత్రం రిపోర్టు వెనక్కి తీసుకుంటానని సంజీవరావు దయతలిచాడు.

"పెట్టేస్తా అల్లుడా," అంది భాగ్యమ్మ గోడౌను గడప మీద కూర్చుని. "కారు పోతే పోనీ. ఈ దగ్గుతో మోషే జైల్లో ఒక వారం కూడా బతకడు. నర్సును, నాకు తెల్దా?"

"కాసేపు ఆగత్తా. సంతకం ఎక్కడికీ పారిపోదు," అని కాటమరాజు మోషే వైపు తిరిగాడు. గొంతు గంభీరంగా పెట్టుకున్నాడు. "మామా, ఈ తాళంచెవి ఎవరికన్నా ఇచ్చినావా?"

"దేవుని తోడు, ఎవరికీ ఇయ్యలేదు అల్లుడుగారూ."

"ఎవరికీ?"

"ఎవరికీ. ఈ సారుకు తప్ప."

"ఈయన ఎవరిలోకీ రాడా మామా?"

"ఈయన సారు గదా!" అన్నాడు మోషే, అంత చదువుకున్నవాడికి ఇంత మాత్రం తెలియనందుకు ఆశ్చర్యపోతూ. "పోయిన నెల వచ్చినప్పుడు, నిదానంగా చూసుకుంటానని అడిగితే ఇచ్చినా. పొద్దున తీసకపోయి, సందకాడ తెచ్చిచ్చినాడు."

గోడకు ఆనుకుని నిలబడ్డ సంజీవరావు చిరునవ్వు నవ్వాడు. తెల్ల ప్యాంటు, మడత నలగని చొక్కా. పలకల గోడౌనులో ఇంతసేపు ఉన్నా ఒంటి మీద దుమ్ము మరక లేదు. కాటమరాజుకు ఆ మనిషి మీద అనుమానం కంటే ముందు అసూయ కలిగింది.

"తాళంచెవి తిరిగి ఇచ్చేశాను కదండీ, మిస్టర్ కాటమరాజు. ఇవ్వడం కూడా నేరమేనా?"

"కాదు సారూ. మధ్యలో దాన్ని మైనం మీద ఒత్తకుంటే." మళ్ళీ మోషేను అడిగాడు. "మొన్న ఆదివారం ఇక్కడ ఎవరున్నారు?"

"ఎవరుంటారు? నేనూ, భాగ్యమ్మక్కా, మా వాడంతా ప్రార్థనకు పోయినాం. గిద్దలూరు నుంచి కొత్త అయ్యగారు వచ్చినాడు. మంచి గొంతు. బైబిల్లో నిర్గమకాండం ఎత్తుకున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చినా ఇంకా ఎర్ర సముద్రం దాటలా."

"దాటినాక వచ్చినావా?"

"దాటినాక పాటలు గూడా పాడాల గదా."

అంటే ఆదివారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గోడౌను దిక్కు చూసినవాడు లేడు. వాడలో వాళ్ళంతా గొంతెత్తి పాడుతుంటే, ఇక్కడ ఏ చప్పుడైనా వినబడే అవకాశమూ లేదు. కాటమరాజు చొక్కా చేతులు మడిచి కారు దగ్గరికి నడిచాడు.

యుద్ధకాలంలో మిలిటరీ వర్క్‌షాపులో హవల్దారుగా చేసిన చేతులు ఆయనవి. బండిని ముందు కళ్ళతో చూడడు, చెవులతో చూస్తాడు. ఎడమ తలుపు తెరిచి వదిలేశాడు. అది తనంతట తనే వచ్చి "టక్" మని పడింది. కుడి తలుపూ అంతే.

"ఈ బండికి పైన చర్మమంతా రేకు, లోపల ఎముకలన్నీ కొయ్య," అన్నాడు భాగ్యమ్మకు వినబడేలా. "కొయ్య చెడితే ముందు తలుపులు వాలతాయి. ఇవి పెళ్ళికూతురి మాదిరి ఒద్దికగా మూసుకుంటుండాయి. చెదలు ముట్టలా. రంగు వెలిసింది, సీటును ఎలకలు కొరికినాయి, టైర్లు ముసలివైనాయి. అవన్నీ పైపై జబ్బులు."

"మీరు మిలిటరీలో లారీలు బాగుచేశారని విన్నాను," అన్నాడు సంజీవరావు. "స్పోర్ట్స్ కారు వేరండీ. ఇది జాతి గుర్రం. మీ లారీలు గాడిదలు."

"నిజమే సారూ. ఆరేళ్ళు గాడిదలతో మెలిగినోడిని. ప్యాంటు తొడుక్కున్నా గుర్తుపడతా."

మోషేకు నవ్వు వచ్చింది, నవ్వు వెంట దగ్గు వచ్చింది. భాగ్యమ్మ లేచి వీపు నిమిరింది.

కాటమరాజు సీటు వెనక నుంచి ఇనుప హ్యాండిల్ తీసి, కారు మూతి కింది బెజ్జంలో దూర్చి, రెండు చేతులతో తిప్పాడు. పట్టేసిందన్న ఇంజను లోపల ఏదో బరువుగా కదిలింది. సగం తిరిగాక ఎదురు తన్నింది. హ్యాండిల్ చేతిలోంచి జారిపోబోయింది. ఆయన ముఖం పాత స్నేహితుడు వీపు మీద చరిచినట్టు వెలిగిపోయింది.

"పట్టేసిన ఇంజను తన్నదు సారూ."

"కొన్నిసార్లు పైకి తిరుగుతుంది. లోపల..."

"లోపల గూడా చూద్దాం."

బానెట్ ఎత్తాడు. కార్బురేటర్లు ఉండవలసిన చోట రెండు గుండ్రటి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వాటి అంచుల మీద తడి ఆరని జిడ్డు, నోట్లో దుమ్ము లేదు. అదే గోడౌనులో పక్కనున్న పీపా మీద వేలు పెడితే గోరు మునిగేంత పలకపొడి ఉంది. పక్కన విప్పి వదిలేసిన నాలుగు నట్లు. వాటిలో ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూశాడు. అంచులు చెక్కుచెదరలేదు.

"మామా, నీ పనిముట్లు ఏమేముండాయి?"

"ఉలి, సుత్తి. ఇంకేముంటాయి?"

"చూడండి సారూ. ఇంగ్లీషు నట్టుకు ఇంగ్లీషు పానాయే కావాల. మార్కాపురంలో ఏ పానా పెట్టినా ఇది జారుతాది, పట్కారు పెడితే నమిలేసినట్టు అవుతాది. దీన్ని విప్పినోడి దగ్గర సరైన పానా ఉంది. ఉలీ సుత్తీ ఉన్నోడు విప్పింటే ఈ నట్టు ఉత్త ఇనుప ముద్దయ్యేది."

"అద్దెకు ఒక మెకానిక్కును తెచ్చుకుని ఉంటాడు," అన్నాడు సంజీవరావు తేలిగ్గా. "ఇవన్నీ ఊహలు. బండి అయిదేళ్ళుగా కదల్లేదు. కదలని బండికి ధర ఏడు వందలే. నేను కట్టిన ధర పేపరు మీద ఉంది. మీ ఊహలు గాలిలో ఉన్నాయి."

కాటమరాజు నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి జారాడు. చట్రం చూశాడు. బాగుంది. వెనక పొగగొట్టం దాకా పాకాడు. దాని ఎదురుగా గోడకు పేర్చిన పలకల దొంతర. బూడిదరంగు పలకల మధ్యలో ఒక్కచోట గుండ్రంగా నల్లటి మచ్చ. వేలితో గీస్తే కొత్త మసి వేలికి అంటుకుంది. అయిదేళ్ళ మసి అయితే పైన దుమ్ము కప్పేసి ఉండాలి.

మళ్ళీ ముందుకు జరుగుతుంటే, ఎడమ ముందు చక్రం అడుగున పసుపుపచ్చగా ఏదో కనిపించింది. "మామా, బండిని కొంచెం వెనక్కి తొయ్యి," అన్నాడు. చక్రం జానెడు దొర్లింది. దాని కింద చదునైపోయిన నిమ్మకాయ. తొక్క ఇంకా మెత్తగానే ఉంది. ఈ ఊరి ఎండకు వారం తిరిగితే నిమ్మతొక్క చెప్పు అడుగు అవుతుంది.

అప్పుడే గుమ్మంలో గాజుల చప్పుడైంది. భార్య శ్రీశైలమ్మ, చేతిలో అన్నం క్యారియరు.

"ఏందబ్బా, కారు కింద పండుకున్నావు? మా ఇంట్లో చాపలు లేవా?"

"శ్రీశైలం, ఇది చూడు," అని ఆయన కిందినుంచే నిమ్మకాయ పట్టుకున్న చేయి చాపాడు. "ఎవడో డ్రైవరు బండి తీసేముందు నిమ్మకాయ తొక్కించినాడు. మోషే మామ ఈ పని చెయ్యడు. ఆయన మతంలో ఇది లేదు, ఆయనకు బండి నడపడమూ రాదు."

శ్రీశైలమ్మ క్యారియరు దింపి, వంగి నాలుగు చక్రాల చుట్టూ ఓపిగ్గా తిరిగింది. బియ్యంలో రాళ్ళేరే ఆడవాళ్ళ చూపు అది. ప్రతి టైరు గాడిలోనూ నిమ్మగింజో, తొక్క పీలికో ఇరుక్కుని ఉంది. తర్వాత ముందు అద్దం చట్రం వెనక వేలు పెట్టి తుడిచి చూపించింది. వేలి కొసన కుంకుమ. కారు మూతి ఎదుట నేల మీద కర్పూరం కాలిన నల్లటి చుక్క, పక్కన రెండు కొబ్బరి పీచులు.

"మూడింటిని ఊడ్చేసినారు, నాలుగోది చక్రం కింద ఉండి కనపడలా," అంది. "మొగోళ్ళు ఊడిస్తే ఇట్లనే ఉంటాది. అయినా నువ్వు అనుకున్నట్టు ఇది రోజూ తిరిగే డ్రైవరు పని కాదబ్బా. నాలుగు చక్రాలకూ నాలుగు, బొట్టు, కర్పూరం, టెంకాయ. ఇది పూజ. ఆయుధపూజ అయితే దసరాకు గదా చేస్తారు, ఇది ఫాల్గుణం. మరి ఇప్పుడు ఎందుకు చేస్తారు?"

"ఎందుకు?"

"కొంటే చేస్తారు."

కాటమరాజు కారు కింద నుంచి లేవబోయి తల తగిలించుకున్నాడు. ఆ దెబ్బకు నొప్పి కూడా తెలియలేదు. అంతా వరసగా కళ్ళ ముందు నిలిచింది. దుమ్ము దులుపుకుని సంజీవరావు ఎదుట నిలబడ్డాడు.

"ఈ బండిని మీరు ఇంతకుముందే అమ్మినారు సారూ. మొన్న ఆదివారం. ఊరు ఎర్ర సముద్రం దాటుతుండగా దొంగ తాళంచెవితో తెరిచి, ఇంజను నడిపి చూపించినారు. పలకల మీద మసి పడింది. కొన్నోడు ముచ్చటపడి పూజ చేసుకున్నాడు. మీరు వద్దనలేకపోయినారు. ఆ తర్వాత సామాను విప్పి దాచి, బండిని చచ్చినదాన్ని చేసి, ఏడు వందలకు మా అత్త దగ్గర లాగాలనుకున్నారు. ఒక్క నెలలో ఒకే బండి మీ చేతిలో మూడు తరగతులు మారింది. మా అత్తకు రెండు, కొన్నోడికి ఒకటి, మళ్ళీ మా అత్తకు నాలుగు. బడిలో పిలకాయలకు గూడా ఇంత తొందరగా తరగతులు మారవు."

"అసలు ధరెంత అల్లుడా?" అంది భాగ్యమ్మ.

"ఇంగ్లీషు సీమబండ్లు ఇప్పుడు ఓడ దిగడంలా అత్తా. ఎముక గట్టిగా ఉంది, గుండె తంతా ఉంది. మూడున్నర వేలకు ఇస్తే నువ్వు మోసపోయినట్టు. అయిదు వేలు అడిగితే నువ్వు మోసం చేసినట్టు. ఆ నడుమ ఎక్కడైనా న్యాయమే."

సంజీవరావు నవ్వు చెరగలేదు. కాటమరాజు భుజం మీద చేయివేసి వాకిలి పక్కకు తీసుకెళ్ళాడు. గొంతు తగ్గించాడు.

"చాలా బాగా చెప్పారండీ. ఒక్క మాటే మరిచిపోయారు. కొన్నదెవరు?"

"మీరే చెబుతారు."

"తప్పకుండా. మీ మామగారు చెన్నయ్యగారు."

చెన్నయ్య గొర్రెల వ్యాపారి. దొనకొండ స్టేషను నుంచి మద్రాసుకు వ్యాగన్లలో గొర్రెలు పంపే మనిషి. నోరు లేని జీవాలతో తిరిగి తిరిగి తనూ నోరు మరిచిపోయిన మనిషి.

"కార్బురేటర్లు, లైట్లు గోనెసంచిలో కట్టి, 'శుభ్రం చేయించాలి, మీ ఇంట్లో భద్రంగా పెట్టండి' అన్నాను. మురిసిపోయి తీసుకెళ్ళారు. నిన్న రాత్రి మీరు పడుకున్న మంచం కిందే ఉంది ఆ సంచి. పైగా బేరం ఎలా జరిగిందో తెలుసా? సంతలో గొర్రెలకు చేసినట్టు తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని. కాగితం లేదు, సాక్షి లేడు. నేను అమ్మలేదంటే అమ్మలేదు. ఇక చెప్పండి ఎస్సైకి. దొంగసొమ్ము డిటెక్టివుగారి అత్తవారింట్లో దొరికిందని రేపు జిల్లా అంతా చెప్పుకుంటుంది. లేదా భాగ్యమ్మగారు సంతకం పెడతారు, నేను రిపోర్టు వెనక్కి తీసుకుంటాను, మోషే ఇంటికి పోతాడు. అందరూ సుఖంగా ఉంటారు."

అందరూ, భాగ్యమ్మ తప్ప. కాటమరాజు తల తిప్పి చూశాడు. రెండడుగుల వెనక శ్రీశైలమ్మ నిలబడి ఉంది. ఆమె మొహం చూస్తే అంతా విన్నదని తెలిసిపోయింది.

"మా నాయన..." అంది మెల్లగా. "మిల్నర్ దొర ఒకసారి ఈ కార్లో ఎక్కించుకుని దొనకొండ దాకా తీసకపోయినాడంట. నా చిన్నప్పుడు. ఆ కత మాకు అన్నం తినిపిస్తా నూరుసార్లు చెప్పినాడు."

బయట జీపు ఆగింది. సబ్-ఇన్‌స్పెక్టరు దిగి, టోపీ సర్దుకుంటూ లోపలికి వచ్చాడు. "ఏంది రాజుగారూ, తేలిందా? లేకుంటే ఈయన్ను ఎక్కించమంటారా?"

మోషే అప్పటికే లేచి, తువ్వాలు నడుముకు బిగించుకుని, జీపు వైపు ఒక అడుగు వేశాడు. భాగ్యమ్మ కలం తీసుకుని సంజీవరావు ఇచ్చిన కాగితం మీదికి వంగింది. కాటమరాజు ఒకసారి మోషే వైపు, ఒకసారి భార్య వైపు చూశాడు. మామను ఇవ్వాలా, మోషేను ఇవ్వాలా?

"అన్నా," అంది శ్రీశైలమ్మ. "సామాను మా ఇంట్లో ఉంది. మా నాయన ఈ సారు దగ్గర కారు కొన్నాడు. మోషే పెదనాయనకు దీంతో సంబంధం లేదు. భాగ్యమ్మత్తా, ఆ కలం ఇట్లియ్యి."

సబ్-ఇన్‌స్పెక్టరు ఆమెను తేరిపార చూశాడు. "ఆలోచించుకుని చెప్పు చెల్లెమ్మా. కొన్నట్టు మీ నాయన ఒప్పుకోవాల. లేకుంటే దొంగసొమ్ము దాచినట్టు అవుతాది."

"ఒప్పుకుంటాడు. మా నాయన పుట్టినప్పటి నుంచి అబద్ధం ఆడలా."

మోషే తన చోటుకు తిరిగి వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాటమరాజు భార్య వైపు చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ముందు తను డిటెక్టివునని గొప్పలు చెప్పుకున్న సందర్భాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి సిగ్గనిపించింది.

జీపు చెన్నయ్య ఇంటి ముందు ఆగేసరికి ఆయన అరుగు మీద తాడు పేనుకుంటున్నాడు. పోలీసులను చూసి లేచాడు. వెనక సంజీవరావును చూసి ఆయన మొహం వికసించింది. కారు తోలుకొచ్చాడేమోనని రోడ్డు వైపు తొంగి కూడా చూశాడు. ఆ ఒక్క చూపుతో కేసు గెలిచిపోయామనుకున్నాడు కాటమరాజు.

కానిస్టేబులు లోపలికి పోయి మంచం కింది సంచి ఈడ్చుకొచ్చి, అరుగు మీద బోర్లించాడు. ఇత్తడి లైట్లు ఎండకు ధగధగ మెరిశాయి.

"చెన్నయ్యగారూ, ఇవి మీవేనా? ఈ సారు దగ్గర కారు కొన్నారా?" అన్నాడు సబ్-ఇన్‌స్పెక్టరు.

చెన్నయ్య నోరు తెరిచాడు. సరిగ్గా ఆ క్షణానే వంటింట్లోంచి అత్తగారు ఆదెమ్మ బయటికి వచ్చి, గడపలో చేతులు కట్టుకుని నిలబడింది.

"కారా?" అంది ఆదెమ్మ. "ఎవరు కొన్నారు కారు?"

చెన్నయ్య తెరిచిన నోరు మూశాడు. మళ్ళీ తెరిచాడు. లైట్ల వంక చూశాడు, భార్య వంక చూశాడు.

"ఏం కారు?" అన్నాడు. "ఈ సంచి ఎవరిదో! నేనెప్పుడూ చూల్లా. ఈ సారెవరో గూడా నాకు తెల్దు."

శ్రీశైలమ్మ "నాయనా!" అంది. ఆయన వినలేదు. సంజీవరావు మడత నలగని చొక్కా సర్దుకుని, ఆ రోజు మొదటిసారి నిజంగా నవ్వాడు. సబ్-ఇన్‌స్పెక్టరు నిట్టూర్చి, కానిస్టేబులు చేతిలోని బేడీలకు చేయి చాపాడు.

చెన్నయ్య దీనంగా అల్లుడి కళ్ళలోకి చూశాడు. కాపాడమని ఆ కళ్ళు వేడుకుంటున్నాయి. పోలీసుల నుంచి కాదు.